మూడో భాగం కుట్టినాయన

ఆ గ్రంథాలయంలోకి అడుగు పెడితే పుస్తకాలకన్నా ముందు మైదా జిగురు వాసన పలకరిస్తుంది. సైకిళ్ళు నిలబెట్టే వసారా దాటితే వెనకాల ఒక ఇరుకు గది ఉంది. అందులో పొడుగాటి బల్ల, పుస్తకాన్ని బిగించి నొక్కే ఇనప చట్రం, మైనం పూసిన దారపు ఉండలు, వాటన్నిటి మధ్య ముప్ఫయ్యేళ్ళుగా ఒకే మనిషి. కాగితాల మీద ఆయన హోదా బైండరు. ఊళ్ళో పిల్లలకీ పెద్దలకీ మాత్రం జిగురు మామయ్య.

ఆయన పనితనం గురించి చెప్పాలంటే, ఆయన కుట్టిన పుస్తకం బల్ల మీద పెట్టి తెరిస్తే, తెరిచిన పేజీ దగ్గరే బుద్ధిగా పడుకుంటుంది. చెయ్యి తియ్యగానే టపీమని మూసుకుపోయే పుస్తకాలు కొత్త అంగళ్ళలో బోలెడు దొరుకుతాయి. అలాంటిది ఒకటి ఎవరైనా తెచ్చి చూపిస్తే, "ఇది చదవడానికి కాదు, ఈగల్ని కొట్టడానికి" అని తిరిగి ఇచ్చేసేవాడు. చిరిగిన పుస్తకం పట్టుకుని తల దించుకుని వచ్చినవాళ్ళని ఒక్కనాడూ కసురుకోలేదు. "చిరగలేదంటే ఎవరూ చదవలేదనేగా అర్థం, ఇలా ఇవ్వు" అనేవాడు. పేజీ మూల మడిచినవాళ్ళు దొరికితే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "నీ చెవి మెలిపెట్టి గుర్తు పెట్టుకుంటే నీకెలా ఉంటుంది?" అని, అన్నంత పనీ చేసేవాడు.

ఆ గ్రంథాలయానికి ప్రాణం "పొగమంచు రేవు" నవలలు. మొత్తం అయిదు భాగాలు. ఆ కథలో ఒక నది ఉంటుంది. నది మీద పొగమంచు దిగిందంటే అవతలి ఒడ్డు అక్కడి మనుషులతో సహా మాయమైపోతుంది. మంచు దిగేలోపు వాళ్ళని ఇవతలికి చేర్చే పని ఒక ముసలామెది. ఆమెకి రాజ్యం లేదు, కత్తి లేదు, మంత్రాలు రావు. ఉన్నవల్లా ఒక పడవ, ఒక తెడ్డు, ఎంతటివాడినైనా కడిగిపారేసే నోరు. కథలో అందరూ ఆమెని పడవవ్వ అంటారు. మాంత్రికులూ యువరాజులూ కోకొల్లలుగా ఉన్న ఆ కథ చదివి పుస్తకం మూస్తే, మనసులో మిగిలేది పడవవ్వే. ఆ నవలలు అచ్చు ఆగిపోయి చాలా కాలమైంది. ఊరంతటికీ గ్రంథాలయంలోని ఒక్క సెట్టే దిక్కు. పేరు రాయించుకుని మూడు నెలలు కాచుకుని, పుస్తకం చేతికొచ్చిన రోజున పొయ్యి వెలిగించడం మరిచిపోయిన ఇళ్ళున్నాయి.

ఎవరో దానమిచ్చిన ఆ పాత సెట్టు ఊళ్ళో ఇంకా ఎవరి చేతికీ వెళ్ళకముందే, ఒక వానాకాలం కప్పు కారి, అరలో నిలిచిన నీళ్ళలో మూడో భాగం నాలుగు రోజులు నానింది. అప్పటికి జిగురు మామయ్య భార్య పోయి ఏడాది. ఆమె ఆసుపత్రిలో ఆయా. ఒక రోజు పొద్దున్నే మామూలుగా పనికి వెళ్ళింది. వార్డులో ఉన్నది అంటుజ్వరమని ఆ మధ్యాహ్నం తేలింది. లోపలివాళ్ళని లోపలే ఉంచి తలుపులు మూసేశారు. పదకొండో రోజున ఆమె పోయింది. అయిదేళ్ళ కూతురితో ఆయన మిగిలాడు.

నానిన పుస్తకాన్ని ఆయన కుట్టు విప్పి ఆరబెట్టాడు. పుస్తకాన్ని ఎనిమిదేసి ఆకుల కట్టలుగా మడిచి, ఆ కట్టల్ని వరసగా పేర్చి కుడతారు. ఒక్కో కట్టని ఫారం అంటారు. పేజీ అంకెలు, ఫారం గుర్తులు అన్నీ అడుగు అంచునే ఉన్నాయి. ఆ అంచు కాస్తా కుళ్ళి, ముట్టుకుంటే పొడిగా రాలింది. వేలెడు మేర కోసి పారెయ్యక తప్పలేదు. విషయసూచికని అంతకుముందే ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు. ఇక మిగిలింది చదివి వరస కలపడం. ఈ ఫారం చివర తెగిన వాక్యం ఏ ఫారం మొదట్లో అతుకుతుందో చూసుకుంటూ, అంతవరకూ ఒక్క నవలైనా చదివి ఎరగని బైండరు మూడో భాగం మొత్తం చదివేశాడు.

రెండు ఫారాల దగ్గర చెయ్యి ఆగిపోయింది. అవి రెండు చిన్న అధ్యాయాలు. ఖర్మ కాకపోతే, ఒక్కోటీ సరిగ్గా ఒక్కో ఫారంలో మొదలై అందులోనే ముగిశాయి. ఏది ముందో చెప్పడానికి తెగిన వాక్యమే లేదు. ఒకదాంట్లో పడవవ్వ నిద్రపోతున్న చిన్నారి మనవరాలికి దుప్పటి సర్ది, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, పడవ విప్పుకుని అవతలి ఒడ్డుకి బయల్దేరుతుంది. మంచు కమ్మేస్తుంది. ఇంకోదాంట్లో ఒక పక్షి చీటీ తెచ్చి ఆమె గడప మీద పడేస్తుంది. "రావద్దు. ఈసారి దాటినవాళ్ళకి తిరుగు దారి లేదు" అని ఆ చీటీలో ఉంటుంది.

పక్షి వెనకొస్తే, చదవాల్సిన మనిషి వెళ్ళిపోయాక చీటీ అందినట్టు. పక్షి ముందొస్తే, పడవవ్వ గడప దగ్గర ఆగింది ఆ చీటీ చదవడానికే. చదివి, తెలిసీ వెళ్ళినట్టు. జిగురు మామయ్య ఆ రెంటినీ చాలాసేపు అటూ ఇటూ మార్చి చూశాడు. ఏమీ తెలియకుండా పోయిన మనిషి గురించి కథేముంటుంది, తెలిసే వెళ్ళి ఉంటుంది, అనుకున్నాడు. పక్షిని ముందు పెట్టి కుట్టేశాడు. భార్య పోయిన ఏడాదికి ఏ మగవాడైనా అలాగే అనుకుంటాడు, తప్పు పట్టేవాళ్ళు ముందు ఆ ఏడాది గడిపి రావాలి.

ఉన్నది ఒకటే పుస్తకం కాబట్టి ఊరంతా అదే వరసలో చదివింది. "తెలిసీ వెళ్ళింది" అన్న ముక్క అందరి నోళ్ళలో నానింది. వీధి చివర పళ్ళ డాక్టరు, సూది చూసి నోరు బిగబట్టేవాళ్ళతో "పడవవ్వ తెలిసీ మంచులోకి వెళ్ళింది, మీరు నోరు తెరవడానికి ఇంత ఆలోచనా?" అనేవాడు. పరీక్షలకి వెళ్ళే పిల్లలకి, పెద్ద ఆపరేషన్‌కి వెళ్ళే ముసలివాళ్ళకి, అందరికీ పడవవ్వే తోడు.

కూతురు పదేళ్ళప్పుడు మూడో భాగం చదివింది. చదివి నేరుగా వెనకగదిలోకి వచ్చి, "నాన్నా, అమ్మ కూడా పడవవ్వలాగే తెలిసే వెళ్ళిందా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడాయన. అంతే. ఆ ఒక్క మాట మీద నిలబడి ఆ పిల్ల పెరిగింది, చదువుకుంది, బళ్ళో లెక్కల టీచరయింది. పొగమంచు రేవు అభిమానులకి గ్రంథాలయంలో ఒక బృందముంటే దానికి ఆమే పెద్ద దిక్కు. మీ అమ్మగారేం చేసేవారని ఎవరైనా అడిగితే తలెత్తుకుని చెప్పేది. "ఆసుపత్రిలో పనిచేసేదండీ. జ్వరమని తెలిసే వెళ్ళింది." పక్కనే ఉంటే జిగురు మామయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

ఇలాంటి ఊళ్ళోకి, పొగమంచు రేవు టీవీ సీరియల్‌గా వస్తోందన్న కబురు వచ్చి పడింది. జేబుల్లో ఫోన్లు ఇంకా లేని రోజులు. పక్క ఊరివాళ్ళు ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఉత్తరం రాసి ఎదురుచూడాల్సిందే. కాబట్టి మనవాళ్ళు తమలో తామే కొట్టుకున్నారు. ఎలాగూ చెడగొడతారని ముందే ఏడ్చిపెట్టుకున్నవాళ్ళు సగం మంది. రిటైరైన పోస్ట్‌మాన్ అయితే, "పడవవ్వది ఎడమచేతి వాటం. కుడిచేత్తో తెడ్డు వేయించారో, టీవీ పగలగొడతా" అన్నాడు.

"పెద్దాయనా, పగలగొట్టాలనుకుంటే మీ ఇంట్లో టీవీ పగలగొట్టుకోండి. ఇది గ్రంథాలయానిది" అంది లైబ్రేరియన్.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి చదువుల గదిలో అరవై మంది కూర్చున్నారు. కుర్చీలు చాలక కొందరు కిటికీ అరుగులెక్కారు. మొదటి దృశ్యం ఒట్టి నది. నీళ్ళ మీద మంచు లేస్తోంది. అది చూసేసరికి అంతసేపూ గుసగుసలాడిన గది ఊపిరి బిగబట్టింది. ప్రతి ఒక్కరూ తమ తలలో ఏళ్ళ తరబడి చూసుకున్న రేవు అది, ఎవరో ఎక్కడినుంచో దాన్ని చూసి వచ్చి మరీ తీసినట్టుంది. పడవవ్వ వేషం వేసినావిడ తెర మీదకి రాగానే "ముక్కు ఇలా ఉండదు" అన్నారు వెనక వరసలోంచి. పావుగంట తిరక్కుండా ఆ గొంతే ముక్కు చీదుకుంటూ వినబడింది. తెడ్డు ఎడమచేత్తోనే అందుకుంది. పోస్ట్‌మాన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పళ్ళ డాక్టరు మాత్రం, "ఆ వయసుకి అవి ఆవిడ సొంత పళ్ళే, నేను చెబుతున్నాగా" అని పక్కవాళ్ళకి వివరించి అందరిచేతా చీవాట్లు తిన్నాడు.

ఆరు వారాలు ఊరు గాల్లో తేలింది. ఆదివారం నాలుగింటికి అంగళ్ళు మూసేసేవారు. ఏడో ఆదివారం అసలు ఘట్టం వచ్చింది.

తెర మీద పడవవ్వ మనవరాలికి దుప్పటి సర్దింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది, మోకాలు పట్టేసిన ముసలివాళ్ళు ఆగినట్టు. బయటికి నడిచింది.

"పక్షి ఏదీ?" అన్నారెవరో.

"పక్షి రాకుండా బయల్దేరుతుందేమిటి?"

పడవ కదిలింది. మంచు కమ్మింది. తెర తెల్లబడిపోయింది. అప్పుడు వచ్చింది పక్షి. చీటీ గడప మీద పడింది. నిద్ర లేచిన పిల్ల వచ్చి, ఆ చీటీ తీసి, చదవడం రాక తలకిందులుగా పట్టుకుని చూసింది. అక్కడితో ఆ వారం కథ ముగిసింది.

గది భగ్గుమంది. అందరికన్నా ముందు లేచింది లెక్కల టీచరు. మొహం పాలిపోయింది. "తెలీకుండా పంపించేశారు! ఆవిడకి తెలుసు. చదివింది. చదివి వెళ్ళింది. ఆ ఒక్కటీ తీసేశాక ఇంక ఆవిడలో ఏం మిగిల్చారు? పొరపాటున మునిగిపోయిన ముసలమ్మని చేసేశారు!"

ఆఖరి బెంచీ మీద జిగురు మామయ్య చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కుమిలిపోతున్నాడు. "చూడండి, మామయ్యకే ఎంత కష్టం కలిగిందో" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఆయనకి కలిగింది కోపం కాదు. ఆ గడప ఆయనకి తెలుసు. ఏ అనుమానమూ లేని ఒక మనిషి, సాయంత్రానికి వచ్చేస్తానన్న ధీమాతో గడప దాటడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ పొద్దుటిని ఎవరో ఉన్నదున్నట్టు తీసి చూపించారు. ఇంత బాగా ఎలా తీశారని ఆయనకి ఏడుపొచ్చింది.

మర్నాటికల్లా చానల్‌కి ఉత్తరం తయారైంది. నాలుగు వందల పన్నెండు సంతకాలు. జవాబు రావడానికి పది రోజులు పట్టింది. "మేము పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగానే తీశాం, దయచేసి మరొకసారి చదవగలరు" అని మర్యాదగా రెండు ముక్కలు రాశారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మూడో భాగాన్ని ముప్ఫయ్యేసి సార్లు చదివినవాళ్ళని పట్టుకుని మరొకసారి చదవమంటే ఊరుకుంటారా? మిగతా ఊళ్ళనుంచి ఒక్కరూ గొంతెత్తకపోవడం మనవాళ్ళకి ఇంకా మండింది. "వాళ్ళకి చదవడం రాదు" అని తీర్పు చెప్పేశాడు పళ్ళ డాక్టరు. రెండో ఉత్తరం మరింత ఘాటుగా వెళ్ళింది. దానికి చానల్‌వాళ్ళు, వచ్చే శనివారం ప్రేక్షకులతో ముఖాముఖి కార్యక్రమం ఉందనీ, మీ తరఫున ఒకరు పుస్తకంతో సహా రావచ్చనీ కబురు పెట్టారు. ఎవరు వెళ్ళాలన్న చర్చే రాలేదు. లెక్కల టీచరే వెళ్ళాలి.

జిగురు మామయ్య తేలు కుట్టిన దొంగలా వెనకగదిలో కూర్చున్నాడు. శనివారం కూతురు దేశమంతా చూస్తుండగా ఆ పుస్తకం తెరుస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ దగ్గర మంచి ప్రతి ఉంటుంది, అంకెలు ఉన్న ప్రతి. నలుగురూ నవ్వుతారు. నవ్వనీ, తన గురించి అయితే భరిస్తాడు, కానీ నవ్వేది ఆమెని చూసి. పోనీ ముందే చెప్పేద్దామా అంటే, ఈ కుట్టు విప్పితే దాంతోపాటు ఊడివచ్చే ఇంకో కుట్టు ఉంది. పదేళ్ళ పిల్లకి చెప్పిన ఆ "అవునమ్మా". వాళ్ళమ్మ గురించి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. సోమవారం చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. మంగళవారం నోటిదాకా వచ్చింది, అన్నంతో పాటు మింగేశాడు. బుధవారం ఒంట్లో బాగాలేదని పడుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం బడి వదిలాక ఆమే వచ్చింది. మూడో భాగం బల్ల మీద పెట్టింది.

"నాన్నా, దీనికి కొత్త అట్ట వేసిపెట్టు. శనివారం కెమెరా ముందు పెట్టాలి. నువ్వు కుట్టిందని కూడా చెబుతాను."

ఆ ఆఖరి మాటతో ఆయన నిబ్బరం కాస్తా పోయింది. "కూర్చో అమ్మా" అన్నాడు. అట్ట తీయడానికి బదులు పుస్తకాన్ని కిటికీ వెలుతురులోకి జరిపి, మొదటి ఫారం తెరిచాడు. "ఇదేంటి?"

"మరక. కప్పు కారినప్పటిది. అందరికీ తెలుసుగా."

"ఎంత ఎత్తుంది?"

ఆమె వేళ్ళతో కొలిచింది. "నాలుగు వేళ్ళు."

"నీళ్ళు ముందు అట్ట వైపునుంచి ఎక్కాయి. వెనక్కి పోయేకొద్దీ తగ్గాయి. తిప్పుతూ వెళ్ళు."

లెక్కల టీచరు ఫారం తరవాత ఫారం తిప్పింది. మరక తగ్గుతూ వచ్చింది, మూడున్నర వేళ్ళు, మూడు, రెండున్నర. పక్షి అధ్యాయం దగ్గరకి వచ్చేసరికి ఒక్కసారిగా రెండు వేళ్ళలోపుకి పడిపోయింది. ఆ తరవాత పడవవ్వ బయల్దేరే అధ్యాయంలో మళ్ళీ పెరిగింది. ఆ తరవాత మళ్ళీ తగ్గింది. ఆమె వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది. తగ్గే వరసలో నడుమ ఒక్కటి పెరిగితే ఏం జరిగినట్టో ఆమెకి ఒకరు చెప్పాలా?

"ఈ రెండూ తారుమారయ్యాయి" అంది నెమ్మదిగా.

"అవును."

"ఎవరు..." అని ఆగిపోయింది. ఆ పుస్తకాన్ని కుట్టింది ఎవరో ఇప్పుడే తనే అంది.

"అంకెలు కుళ్ళిపోయాయి. చదివి వరస పెట్టాను. కానీ నేను చేసింది పొరపాటని తప్పించుకోను తల్లీ. మరక అప్పుడే చూశాను. పని కొత్తలో అయితే చూసేవాణ్ణి కాదేమో, నాకు అప్పటికే పని వచ్చు. పక్షి తరవాత వస్తుందని మరక చెబుతూనే ఉంది. నాకు వినాలనిపించలేదు."

ఆమె ఆ రెండు ఫారాల అంచులూ వేలితో సవరించింది. మొహంలో కోపముందో ఇంకేముందో ఆయనకి అంతు చిక్కలేదు. చివరికి లేచి పుస్తకం ఆయన వైపే తోసింది.

"రేపు సాయంత్రం బృందం సమావేశం ఉంది. అందరికీ నువ్వే చెప్పు. నేను చెప్పను" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం చదువుల గదిలో జిగురు మామయ్య జీవితంలో మొదటిసారి నలుగురి ముందు నిలబడ్డాడు. ఒక్క ముక్క దాచలేదు. మరక చూపించాడు. తెలిసే చేశానన్నాడు. పుస్తకం చేతులు మారుతూ గది చుట్టూ తిరిగింది. ప్రతి ఒక్కరూ వేళ్ళతో కొలిచి చూసుకున్నారు.

"అంటే మేము ఇన్నేళ్ళూ చదివింది పొగమంచు రేవు కాదన్నమాట! మీ రేవు!" అని పళ్ళ డాక్టరు విరుచుకుపడ్డాడు. "ఎంతమందికి చెప్పాను! నోరు తెరిచినవాడికల్లా చెప్పాను!" అంటూ విసవిసా బయటికి నడిచాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు లేచారు. ఎవరూ ఆపలేదు.

పోస్ట్‌మాన్ లేచాడు. "నాకు ఒకటి తెలుసు. నలభయ్యేళ్ళు ఉత్తరాలు మోశాను. ఆలస్యంగా అందిన ఉత్తరం ఎలా ఉంటుందో మీలో ఎవరికీ తెలీదు, నాకు తెలుసు. తలుపు తట్టేసరికి చదవాల్సిన మనిషి ఉండరు. ఆ ఇంటివాళ్ళు నా సంచీ వంక చూసే చూపుంటుందే, ఆ చూపు నిద్రలో కూడా వదలదు. ఆ ఏడో ఆదివారం ఆ పిల్ల చీటీ తలకిందులుగా పట్టుకున్నప్పుడు మీరందరూ అరిచారు. నాకు నోట మాట రాలేదు. టీవీవాళ్ళు తీసింది నిజం. అద్భుతంగా తీశారు." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "మామయ్య కుట్టింది కూడా చెడ్డదేం కాదు. మా ఆవిడ ఆపరేషన్‌కి వెళ్ళేముందు దాన్నే పట్టుకుని కూర్చుంది. నేను ఆయన్ని తిట్టలేను."

అప్పుడు లెక్కల టీచరు, తను రేపు చానల్‌కి వెళుతున్నానంది. పుస్తకం కూడా పట్టుకెళతానంది. "తప్పు మాది, మీరు చక్కగా తీశారని చెప్పి వస్తాను."

"మామయ్య పేరు బయటపెడతావా అమ్మా?" అంది లైబ్రేరియన్.

"మా నాన్న అని చెబుతాను" అంది ఆమె.

తలుపు దగ్గర పళ్ళ డాక్టరు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది. "ఆదివారం నా కుర్చీ ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి పోయాడు.

అందరూ వెళ్ళాక జిగురు మామయ్య వెనకగదిలోకి వచ్చి, ఎండిపోయిన కుంచె నీళ్ళలో వేశాడు. కూతురు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, అమ్మకి తెలుసా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకి నిన్నటినుంచీ తెలుసు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తెలీదమ్మా. ఏమీ తెలీదు. ఆ పొద్దున నీ జుట్టు కళ్ళలో పడుతోందని గొణుక్కుంది. సాయంత్రం పెందరాళే వచ్చి కత్తిరిస్తానంది. కత్తెరకి సాన పట్టించి ఉంచమంది. నేను పట్టించి పెట్టాను కూడా." కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు అబద్ధం చెప్పాను. అమ్మ గొప్పగా పోయిందనుకుంటే నీకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. ఇప్పుడు అది కూడా లేకుండా చేశాను."

ఆమె వచ్చి కాగితపు బేళ్ళ మీద కూర్చుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతు బడిలో వినిపించే గొంతులా లేదు.

"బయట అందరికీ గర్వంగానే చెప్పుకున్నాను నాన్నా. ఇంటికొచ్చి పడుకుంటే మాత్రం ఒకటే ఆలోచన. తెలిసి కూడా నన్ను వదిలేసి ఎలా వెళ్ళగలిగింది? ఆ వార్డులోవాళ్ళు నాకన్నా ఎక్కువయ్యారా? ఆ రోజు నేను ఏడ్చానో లేదో గుర్తులేదు. ఏడ్చి ఉంటే ఆగేదేమో అనుకునేదాన్ని. నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు బాధపడతావని."

జిగురు మామయ్య నివ్వెరపోయి చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ పిల్లకి తానొక వీరవనితని ఇచ్చాననుకున్నాడు. ఆ చేత్తోనే తల్లిని లాగేసుకున్నానని ఒక్కనాడూ తట్టలేదు.

"తెలిసుంటే ఆగేదా?" అంది ఆమె.

"గడప దాటేది కాదు తల్లీ. నేను పొమ్మన్నా, ఉద్యోగం ఊడుతుందన్నా, కదిలేది కాదు. నిన్ను వదిలి ఒక్క అడుగు వేసేది కాదు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాసేపటికి చేతులు తియ్యకుండానే, "ఇంకోసారి చెప్పు నాన్నా" అంది.

ఆయన ఇంకోసారి చెప్పాడు.